అరిసెలు వండని ఇళ్ళు

తెలుగిళ్ళలో పసిబిడ్డ ఎదుగుదలను కొలవటానికి ఒక పాత పద్ధతి వున్నది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు వండుతారు. గడప దాటితే గారెలు వండుతారు. అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటిమీద బిడ్డచేత నాలుగడుగులు వేయించి, ఇరుగుపొరుగులకు పంచిపెడతారు. ఊరు మారితే వంటకం మారవచ్చు. ప్రాస కలిసింది గనక కొన్ని పేర్లు చేరివుండవచ్చు. కాని ఆచారం వెనక వున్న జ్ఞానం ప్రాస కోసం పుట్టింది కాదు. బిడ్డ ఏ నెలలో మెడ నిలపాలో, ఏ నెలలో కూర్చోవాలో, ఎప్పటికి "అత్త", "తాత" అనాలో తరతరాల తల్లులు చూసి, పోల్చి, గుర్తుపెట్టుకున్నారు. వైద్యులు ఈనాడు పట్టిక వేసి ఆసుపత్రి గోడకు తగిలిస్తున్న విషయాన్నే మన ఆడవాళ్ళు వంటింట్లో దాచుకున్నారు.

యీ ఆచారానికి రెండో ముఖం ఒకటి వున్నది. అరిసెలు వండవలసిన నెల వచ్చి, వెళ్ళిపోయి, మరో ఆరునెలలు గడిచినా బియ్యం నానబోయని ఇళ్ళు వుంటాయి. అటువంటి ఇంట్లో ముందు పోలికలు వెతుకుతారు: "వాళ్ళ నాన్నా ఆలస్యంగానే నడిచాడు" అంటారు. తరవాత కారణాలు వెతుకుతారు: గ్రహణంనాడు తల్లి బయటికి వచ్చిందంటారు, మేనరికం చేసుకున్నారంటారు. రక్తసంబంధీకుల మధ్య పెళ్ళిళ్ళవల్ల కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కాని ప్రతి బిడ్డ విషయంలోనూ ఆ మాట అనేవాళ్ళకు కావలసింది కారణం కాదు, తల్లిమీద వేయటానికి ఒక నేరం. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాష "గ్రహణం మొర్రి" అనే పేరు పెట్టింది. అంటే నేరారోపణను నిఘంటువులోకే ఎక్కించింది. ఆ తరవాత మొక్కులు. చివరకు మౌనం. ఇరుగుపొరుగులు అడగటం మానేస్తారు. తల్లి బిడ్డను నలుగురిలోకి తీసుకురావటం మానేస్తుంది.

నేను రాయదలచింది ఆ మౌనం ఎంతకాలం సాగుతుందన్న విషయం గురించి. ఎందుచేతనంటే ఆ కాలం అందరి ఇళ్ళలోనూ ఒకే పొడవున వుండదు. కొందరికి రెండు నెలలు, కొందరికి అయిదేళ్ళు. యీ తేడా బిడ్డ శరీరంలోనుంచి పుట్టింది కాదు. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి, వూరిని బట్టి, వాళ్ళకు తెలిసిన భాషను బట్టి నిర్ణయమవుతున్నది.

ఎదుగుదలలో వెనకబడిన పసిపిల్లలకు మొదటి సంవత్సరాల్లోనే అందించే సహాయానికి ప్రభుత్వ పత్రాల్లో రకరకాల పేర్లున్నాయి. నేను "తొలినాటి సేవలు" అంటాను. ఇందులో మంత్రం ఏమీ లేదు. బిగుసుకుపోతున్న కాళ్ళనూ చేతులనూ సరైన తీరున కదిలించటం, కూర్చోవటానికీ నిలబడటానికీ ఆనుకొనే సాధనం ఇవ్వటం, మింగటం నేర్పటం, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని బిడ్డ దృష్టిని ఆటద్వారా మనుషులవైపు మళ్ళించటం, మాట రాని బిడ్డకు సైగనో బొమ్మనో మాటకు బదులుగా అందించటం, వీటన్నిటినీ రోజూ ఇంట్లో చేయటం తల్లిదండ్రులకు నేర్పటం - ఇంతే. ఇందువల్ల ప్రతి లోపమూ నయమవుతుందని తెలిసినవాడెవడూ అనడు. సెరిబ్రల్ పాల్సీ పోదు. కాని కీళ్ళు ముడుచుకుపోయి శస్త్రచికిత్సదాకా పోకుండా ఆపవచ్చు. ఆటిజం పోదు, కాని తన ఆకలినీ బాధనూ చెప్పుకొనే దారి ఆ బిడ్డకు దొరకవచ్చు.

తొలినాళ్ళలోనే ఎందుకంటే, మూడో ఏడు నిండేటప్పటికి మనిషి మెదడు పెద్దవాళ్ళ మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుకుంటుంది. ఆ వయసులో మెదడు ఒక దారి మూసుకుపోతే మరో దారి వెతుక్కోగలదు. తరవాత ఆ శక్తి తగ్గుతూ వస్తుంది. వినికిడి లోపాన్ని నెలలోపు అనుమానించి, మూడు నెలలలోపు నిర్ధారించి, ఆరు నెలలలోపు సాధనం అమర్చాలని వైద్యులు నియమం పెట్టుకున్నారు. ఆలోగా వినిపించిన బిడ్డకు భాష వచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఇంకా స్పష్టమైన ఉదాహరణ థైరాయిడ్ లోపం. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఆ గ్రంథి పని చేయదు. మడమనుంచి తీసిన ఒక్క రక్తపు చుక్కతో విషయం తెలిసిపోతుంది. మొదటి రెండు వారాల్లో చవక మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. నెలల తరబడి ఆలస్యమైతే బుద్ధిమాంద్యం ఏర్పడుతుంది. అప్పుడు ఎన్ని మాత్రలు మింగించినా పోయింది తిరిగి రాదు. అంత చిన్న పరీక్షను మన దేశంలో పుట్టే ప్రతి శిశువుకూ తప్పనిసరి చేయలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 ఆరోగ్య సమస్యల జాబితా తయారుచేసినప్పుడు దీన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలిన వాటిలో చేర్చింది. ఒక చుక్క రక్తానికీ ఒక జీవితకాలపు మాంద్యానికీ మధ్య వున్నది వైద్యశాస్త్రం అసమర్థత కాదు. పరిపాలన తీసుకోని నిర్ణయం.

నాకు దగ్గరగా తెలిసిన ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. ఒకడు మా కాలేజీలోనే మరో శాఖలో పనిచేసే సహోద్యోగిని కొడుకు. పద్దెనిమిదో నెలలో ఆమెకు అనుమానం వచ్చింది: బిడ్డ పిలిస్తే తిరగడు, కావలసింది వేలు పెట్టి చూపించడు. పుస్తకాలు చదివింది, హైదరాబాదులో నిపుణులకు చూపించింది, ఆటిజం అన్నారు. గంటకింత అని రుసుము పుచ్చుకునే ప్రైవేటు కేంద్రంలో చేర్పించి, జీతం లేని సెలవు పెట్టి రెండేళ్ళు అక్కడే గది తీసుకుని వున్నది. ఇల్లు కట్టుకుందామని దాచిన డబ్బంతా అయిపోయింది. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. కొన్ని మాటలతోనూ కొన్ని బొమ్మలతోనూ తన అవసరాలు చెప్పుకుంటాడు. సహాయకురాలి తోడుతో మామూలు బడికి పోతున్నాడు. "మాకు డబ్బు కొనిపెట్టింది వైద్యం కాదు, కాలం" అని ఆమె ఒకసారి నాతో అన్నది.

రెండోవాడు మా బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని అక్క కొడుకు. ఆ అమ్మాయికి హాజరు తక్కువ పడింది. కారణం అడిగితే, ప్రతి బుధవారం బిడ్డను ఎత్తుకుని అక్కతోపాటు జిల్లా ఆసుపత్రికి పోవాలని చెప్పింది. తన జబ్బుకయితే సర్టిఫికెట్ తెచ్చి మినహాయింపు పొందవచ్చు. అక్క బిడ్డ కోసం పోయిన రోజులకు నిబంధనల కాగితంలో గడి లేదు. నేను ఆ సంగతి పైవాళ్ళతో మాట్లాడుతూ వుండగానే, ఆ అక్క చెల్లెలిచేత నాకు కబురు పెట్టింది: "అక్కడ వాళ్ళు చెప్పేది నాకు సగం తలకెక్కదు, మేడమ్‌గారిని ఒక్కసారి రమ్మను" అని. నేను వెళ్ళాను.

ఆమెకు ఇరవైమూడేళ్ళు. ఏడో తరగతిదాకా చదివింది. భర్త లారీమీద వుంటాడు. ఆమె మిరపకాయ కోతలకు పోతుంది. రెండు బస్సులు మారి, పదకొండు గంటలకు చేరి, ఒంటిగంటకు మా వంతు వచ్చింది. ఆలోగా బిడ్డ కథంతా చెప్పింది. పుట్టగానే ఏడవలేదు. వారం రోజులు పెట్టెలో పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు, ఇటువంటి బిడ్డను నెలనెలా ఎదుగుదల కోసం చూపించాలని ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో నెల టీకా వేసినప్పుడు బిడ్డ కూర్చోవటం లేదని నర్సమ్మ గమనించింది, "చూద్దాంలే" అన్నది. అంగన్‌వాడీలో ప్రతినెలా తూకం వేశారు. తూకం సరిగ్గానే వున్నది గనక పటంలో బిడ్డ పచ్చగీతలోనే వున్నాడు. కూర్చోని బిడ్డ కూడా బరువు పెరగవచ్చు గదా! ప్రభుత్వం ఆ ఇంటిని మొట్టమొదట గుర్తించింది ఎక్కడయ్యా అంటే సదరం శిబిరంలో. సర్టిఫికెట్ వచ్చింది. ఆ తరవాతనే ఎవరో చెబితే జిల్లా ఆసుపత్రిలో వ్యాయామం చేయించే గది ఒకటి వున్నదని తెలిసింది. అప్పటికి బిడ్డకు మూడేళ్ళు దాటి రెండు నెలలు.

ఇద్దరు పిల్లల లోపాలు వేరు. గనక వాళ్ళ ఫలితాలను పోల్చటం న్యాయం కాదు. పోల్చవలసింది ప్రారంభాన్ని. ఒకడికి ఏడాదిన్నర, ఇంకొకడికి మూడేళ్ళు పైచిలుకు. నిజానికి రెండోవాడి లోపం పుట్టిన గంటలోనే అనుమానించదగ్గది. ముందు తెలియవలసినవాడికి ఆలస్యంగా తెలిసింది.

పెన్షన్ ఇవ్వటం తప్పని నా భావం కాదు. అది హక్కు, ఇంకా పెరగవలసిన హక్కు. కాని యిక్కడ ఒక తలకిందులు తర్కం వున్నది. చట్టం 40 శాతాన్ని గీతగా పెట్టింది. లోపం గట్టిపడి, కొలతకు లొంగి, శాతంగా మారిన తరవాత రాజ్యం దాన్ని గుర్తిస్తుంది. గట్టిపడక ముందు, ఇంకా వంచటానికి వీలున్నప్పుడు, గుర్తించటానికి దానికి కళ్ళు లేవు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని పిల్లలను కొట్టటానికి వాడుకునే సామెత మన పరిపాలనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ గదిలో వున్న ఫిజియోతెరపిస్టు చిన్నపిల్ల, కాంట్రాక్టు ఉద్యోగి. మంచి పనిమంతురాలు. చాపమీద బిడ్డను పడుకోబెట్టి, ఏడిస్తే పాట పాడుతూ, ఇరవై నిమిషాలు చేయించింది. బయట ఇంకా పదిమంది తల్లులు వున్నారు. మాటలు నేర్పేవాళ్ళ ఉద్యోగం కొన్ని నెలలుగా ఖాళీ. వారానికి ఇరవై నిమిషాలవల్ల ఏమవుతుంది? అసలు పని ఇంట్లో రోజూ జరగాలి. అందుకోసం ఆమె ఒక కాగితం ఇచ్చింది. అది ఇంగ్లీషులో అచ్చయివుంది. తల్లి దాన్ని మడిచి జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నది. అటువంటి కాగితాలు ఆ సంచిలో అప్పటికే నాలుగు వున్నాయి.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆ కాగితాన్ని మేము తెలుగులోకి మార్చాము. నేను మార్చానని అనను. ఎందుచేతనంటే సగం మాటలు ఆ తల్లివే. బిడ్డ నేలమీద ముందుకు కదలటానికి కాగితంలో ఒకే మాట వున్నది. ఆమె, "వాడు పాకుతాడండీ, దోగాడడు" అన్నది. పొట్ట నేలకు ఆనించి జరగటం పాకటం. మోకాళ్ళమీదా అరచేతులమీదా లేచి కదలటం దోగాడటం. నేను లోపలికి వెళ్ళి ఆ మాట ఫిజియోతెరపిస్టుకు చెప్పాను. "అదే నేను మూణ్ణెల్లనుంచీ తెలుసుకోవాలనుకుంటున్నది" అని ఆమె అప్పటికప్పుడు వ్యాయామం ఒకటి మార్చింది. నడుమును ఎత్తి పట్టుకునే తీరు చూపించింది. తల్లి ఒక్కసారి చూసి చేసి చూపింది.

యీ చిన్న విషయానికి నేను ఎక్కువ ప్రాముఖ్యం ఇస్తున్నానని తోచవచ్చు. కాని విజ్ఞానం ఎవరి భాషలో వుంటుందో వాళ్ళకే పని చేస్తుంది. బిడ్డ ఎదుగుదలను గురించి మన భాషలో ఎంత సూక్ష్మమైన పదజాలం వున్నదో ఆలోచించండి: మెడ నిలపటం, బోర్లా పడటం, పాకటం, దోగాడటం, పట్టుకు నిలబడటం, తప్పటడుగులు, తారంగం, ఊకొట్టటం. ఇది వైద్యుడికి పనికివచ్చే పదజాలం. దీన్ని నిరక్షరాస్యుల మాటలుగా తోసివేసి, "మైల్‌స్టోన్" అనే మాటను గ్రామానికి తీసుకుపోయి, తల్లులకు చైతన్యం లేదంటున్నారు. తల్లికి తెలుసు. ఆమె అందరికంటె ముందే గమనించింది. లేనిదల్లా ఆమె చెప్పింది విని, వెంటనే పని మొదలుపెట్టే మనిషి.

ఆ మనిషి ఎందుకు లేడో తెలియాలంటే మన చట్టాలు చూడాలి. రాజ్యాంగంలోని 45వ అధికరణం మొదట, పదేళ్ళలోగా పధ్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించటానికి రాజ్యం ప్రయత్నించాలన్నది. "పధ్నాలుగేళ్ళు నిండేదాకా" అన్నదే గాని ఆరోయేటినుంచి అనలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా వున్న ఆ కేసులో, సుప్రీంకోర్టు పధ్నాలుగేళ్ళదాకా విద్య ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. 2002లో 86వ సవరణ వచ్చింది. విద్యను ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో రాశారని దేశమంతా హర్షించింది. కాని రాసింది ఆరునుంచి పధ్నాలుగేళ్ళవాళ్ళకు. ఆరేళ్ళలోపు పిల్లలను మళ్ళీ ఆదేశసూత్రంలోకి, అంటే "రాజ్యం ప్రయత్నించాలి" అనే వాక్యంలోకి తోశారు. 2009 విద్యాహక్కు చట్టం మూడునుంచి ఆరేళ్ళ పిల్లలకు బడికి ముందటి విద్యను ప్రభుత్వం "ఏర్పాటు చేయవచ్చు" అన్నది. "చేయాలి"కీ "చేయవచ్చు"కీ గల తేడా వ్యాకరణం చెప్పేవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం లోపాల సంఖ్యను 7నుంచి 21కి పెంచింది, అది మంచిదే. ఉచిత విద్యాహక్కు మాత్రం అందులోనూ ఆరునుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళకే. పిల్లలందరినీ ఏడాదికొకసారి పరీక్షించి ప్రమాదం వున్నవాళ్ళను గుర్తించాలని అదే చట్టం అంటున్నది. గుర్తించటం సేవ కాదు. గుర్తించి వదిలేస్తే తల్లికి భయం పెరుగుతుందే గాని బిడ్డకు నడక రాదు.

ఏర్పాట్లు అసలే లేవని కాదు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984నుంచీ జాతీయ సంస్థ వున్నది. 2021 జూన్ 17న దేశంలో 14చోట్ల అన్ని రకాల లోపాలకూ కలిపి తొలినాటి సేవల కేంద్రాలు ప్రారంభించారు; తెలుగు నేలమీద సికింద్రాబాదులో ఒకటి, నెల్లూరులో ఒకటి. బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్యబృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. గుర్తించిన పిల్లలను జిల్లా కేంద్రానికి పంపాలి. జిల్లా కేంద్రంలో పిల్లల వైద్యుడు, ఫిజియోతెరపిస్టు, మాటలూ వినికిడీ చూసేవాళ్ళు, మనస్తత్వ నిపుణులు, ప్రత్యేక విద్య తెలిసిన ఉపాధ్యాయులు వుండాలి. కాగితంమీద యీ ప్రణాళిక చక్కగానే వున్నది. అది అనుకోనిది ఒక్కటే: జిల్లా కేంద్రానికీ వూరికీ మధ్య వున్న దూరం. వారం వారం బిడ్డను చంకన వేసుకుని రెండు బస్సులెక్కే తల్లికి ఆనాటి కూలి పోతుంది, ఛార్జీలు అదనం. మిరప కోతల కాలంలో ఆ అక్క మూడు వారాలు రాలేదు. దస్త్రంలో "తల్లి సహకరించటం లేదు" అని రాశారు. కూలి పోగొట్టుకోలేని మనిషి నిస్సహాయతకు రాజ్యం పెట్టిన పేరది.

2011 జనగణనలో ఆరేళ్ళలోపు పిల్లల్లో 20 లక్షల 42 వేలమందికి వైకల్యం వున్నట్టు తేలింది. అప్పటి ప్రశ్నపత్రంలో ఆటిజానికి వేరే గడి లేదు. రెండేళ్ళ బిడ్డ నడవకపోతే అది వైకల్యమని ఏ తల్లీ లెక్కలవాడికి చెప్పదు. "ఇంకా నడవలేదు" అంటుంది. కాబట్టి అసలు సంఖ్య అంతకంటె ఎక్కువే వుంటుంది. ఇంతమందికి జిల్లాకొక గది చాలదు. అందుబాటులో వున్నది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఆ వ్యవస్థ యీనాడు గ్రామగ్రామానా వున్నది. బిడ్డను పేరుపేరునా ఎరిగిన మనిషి అక్కడ వున్నది.

ప్రభుత్వానికీ యీ సంగతి తోచింది. 2023 నవంబరు 28న కేంద్రప్రభుత్వం వికలాంగ శిశువుల కోసం అంగన్‌వాడీలు పాటించవలసిన విధానపత్రం విడుదల చేసింది. లోపాలను అంగన్‌వాడీ కార్యకర్త గుర్తించాలి, తల్లిదండ్రులకు నేర్పాలి, వైద్యుల దగ్గరికి పంపాలి. సరిగ్గా పధ్నాలుగు రోజుల తరవాత, డిసెంబరు 12న, ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలూ ఆయాలూ సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్తకు ఇస్తున్నది నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, "గౌరవ వేతనం" అంటారు. వాళ్ళు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022లోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పును అమలు చేయమన్నది సమ్మె కోర్కెల్లో ఒకటి. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ళమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సమ్మె 42 రోజులు సాగింది. వీరి పని అత్యవసరమని ప్రభుత్వం తనంతట తానే ఒప్పుకున్నదన్నమాట - శిక్షించటానికి. జీతం ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం అది స్వచ్ఛంద సేవ. సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డ నడుమును ఎలా ఎత్తిపట్టుకోవాలో నేర్చుకుని నేర్పటం నైపుణ్యం గల పని. నైపుణ్యం గల పనిని గౌరవంతో కొనలేము.

డబ్బుకు బదులు పేర్లు మాత్రం ధారాళంగా పంచుతున్నారు. వికలాంగులు అన్నాము. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగం తరవాత "దివ్యాంగులు" అయ్యారు. వికలాంగుల సంఘాలు అనేకం ఆ పేరును అప్పుడే వ్యతిరేకించాయి. మన రాష్ట్రంలో "విభిన్న ప్రతిభావంతులు" అన్న పేరు కూడా వచ్చింది. అవమానకరమైన మాటలు పోవలసిందే. భాష చెప్పుకొని బతికేవాళ్ళకు ఆ విషయంలో పట్టింపు వుండాలి. కాని పేరు మారినంత తొందరగా ఖాళీగా వున్న ఉద్యోగం భర్తీ కావటం నేను చూడలేదు. అవయవం దివ్యమైనదని చెప్పటం, పూర్వజన్మ పాపమని చెప్పటం పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి గాని, రెండింటి వేరూ ఒక్కటే. రెండూ బిడ్డ స్థితిని మానవ సమాజం పరిధినుంచి తప్పించి దేవుడి ఖాతాలో వేస్తాయి.

మన శిబిరంలో కూడా యీ విషయాన్ని దానధర్మాల కిందికి తోసివేసే అలవాటు వున్నది. భూమి, కూలి, భాష, కులం - ఇవి సమస్యలు. వికలాంగ శిశువు మాత్రం జాలిపడవలసిన విషయం. ఇది మార్క్సిజానికి కొత్త విషయమేమీ కాదు. లెవ్ వైగాట్‌స్కీ 1920లలో మాస్కోలో చెవిటి, గుడ్డి, బుద్ధిమాంద్యం గల పిల్లల మధ్య పనిచేస్తూ యీ ప్రశ్ననే పట్టుకున్నాడు. శరీరంలోని లోపం ఒకటి, దాని చుట్టూ సమాజం అల్లే లోపం రెండోది అన్నాడు. చెవుడు మొదటిది, మాట్లాడే మనుషుల మధ్యనుంచి, ఆటలనుంచి, పనినుంచి బిడ్డను వెలివేయటంవల్ల కలిగే వెనకబాటు రెండోది. మొదటిదాన్ని ఎప్పుడూ తొలగించలేకపోవచ్చు. రెండోదాన్ని తప్పక అడ్డుకోవచ్చు, ఎంత తొందరగా అయితే అంత బాగా అని ఆయన వాదన సారాంశం. ఆయన 1934లో 37 ఏళ్ళకే క్షయతో చనిపోయాడు. రెండేళ్ళ తరవాత, 1936లో, సోవియట్ పార్టీ కేంద్రకమిటీ పెడాలజీ శాస్త్రాన్ని ఖండిస్తూ చేసిన తీర్మానం మూలంగా ఆయన రచనలు చాలాకాలం మరుగున పడ్డాయి. ఆ చరిత్ర కూడా మనదే, దాన్ని దాచుకోనక్కరలేదు. బిడ్డ విషయంలో శాస్త్రాన్ని తీర్మానంతో ఆపితే నష్టపోయేది బిడ్డ అని దాన్నిబట్టి తెలుస్తున్నది.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఆలస్యంగా మాటలొచ్చిన ప్రతి బిడ్డకూ లోపం అంటగట్టి, తల్లులను భయపెట్టి, పిల్లలందరినీ ఒకే మూసలో పోసే ప్రయత్నం కాదా ఇది? యీ ప్రమాదం లేకపోలేదు. ఆటిజం గల పెద్దవాళ్ళే తమ బాల్యంలో "మామూలు"గా కనిపించమని పెట్టిన బాధను గురించి రాస్తున్నారు. ప్రైవేటు కేంద్రాలు భయాన్ని అమ్ముకుంటున్న మాట కూడా నిజం. అందుకే సేవకు ముందు ముద్ర వుండకూడదు. అనుమానం కలిగినరోజే సహాయం మొదలుకావాలి. శాతాలూ సర్టిఫికెట్లూ తరవాత. సహాయం అక్కరలేని బిడ్డకు నాలుగు నెలలు ఎక్కువ ఆడించినందువల్ల నష్టం లేదు. అక్కరవున్న బిడ్డకు నాలుగు నెలలు తక్కువయితే నష్టం వున్నది. లక్ష్యం బిడ్డను పక్కింటి బిడ్డలా తయారుచేయటం కాదు. తన వీధిలో, తన బడిలో తను వుండగలిగేటట్టు చేయటం.

కాబట్టి తొలినాటి సేవలను విస్తరించటమంటే జిల్లా ఆసుపత్రిలో గదికి సున్నం వేయించటం కాదు. పుట్టిన ప్రతి శిశువుకూ వినికిడి పరీక్ష, మడమ రక్తపరీక్ష తప్పనిసరి చేయాలి. ఏడవని శిశువు, నెలలు నిండకుండా పుట్టిన శిశువు ఇంటికి వెళ్ళేరోజే తరవాత చూపించవలసిన తేదీలు తల్లి చేతికి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31, 2019లో 33 అయ్యాయి. కలెక్టరు కచేరీలు వెంటనే వచ్చాయి. ప్రతి కొత్త జిల్లాలోనూ యీ కేంద్రం, అందులో పూర్తి సిబ్బంది వున్నారా అని అడగాలి. అక్కడితో ఆగకూడదు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు వున్నాయి. అవి ప్రధానంగా బడి వయసు పిల్లల కోసం ఏర్పడ్డవి. వాటి తలుపులు చంటిబిడ్డలకు కూడా తెరిచి, అక్కడి కాంట్రాక్టు ఉపాధ్యాయుల ఉద్యోగాలు ఖాయం చేయాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు జీతమూ శిక్షణా రెండూ ఇవ్వాలి. బిడ్డను తీసుకువచ్చే తల్లికి బస్సు ఛార్జీలతోపాటు ఆనాటి కూలి ఇవ్వాలి. ఆమె చేస్తున్నది పనే గనక. వీటన్నిటికీ మూలంగా, ఆరేళ్ళలోపు వయసును "ప్రయత్నించాలి" అనే వాక్యంనుంచి బయటికి తీసి హక్కుగా రాయాలి.

ఇందులో ఉపాధ్యాయులమూ విద్యార్థులమూ చేయదగ్గవి కొన్ని వున్నాయి. ఉపాధ్యాయ సంఘాల కోర్కెల పత్రాల్లో ఆరేళ్ళు దాటిన పిల్లలే వుంటున్నారు. మన తరగతి గదిలోకి వచ్చేదాకా బిడ్డ మనకు లేదు. ఆ హద్దు చెరపాలి. అంగన్‌వాడీల సమ్మెను జీతాల తగాదాగా గాక పసిపిల్లల హక్కుల పోరాటంగా చూసి వెంట నిలవాలి. తెలుగు శాఖలు వున్న కాలేజీలన్నీ, పక్కనున్న ఆసుపత్రి ఇచ్చే కాగితాలను తల్లుల మాటల్లోకి మార్చే పని పెట్టుకోవచ్చు. మా విద్యార్థులు ఎనిమిదిమంది యీ పని మొదలుపెట్టారు. అక్కడికి వచ్చే తల్లులకు చదివి వినిపించి, వాళ్ళు దిద్దిన తరవాతనే అచ్చు వేస్తున్నారు. ఇంతవరకు పదకొండు కాగితాలు అయ్యాయి. మింగటం నేర్పే కాగితం దగ్గర ఆగాము. గుటక, మెతుకు, గుజ్జు, జావ అనే మాటలమీద తల్లుల మధ్య ఇంకా వాదన నడుస్తున్నది. వచ్చే బుధవారం అది తేలవచ్చు.